స్ప్రింగు నేర్పిన పాఠము

యౌవనమునకు ఏదో ఒక వాహనము మీద మోజు కలుగుట సహజము. మన తాతల కాలమున అది గుర్రము. మన తండ్రుల కాలమున సైకిలు. మాకు మాత్రము అది ఒక చిన్న స్పోర్ట్సు కారు రూపమున ప్రాప్తించినది. ఈ కళాశాల బెంచీలపై కూర్చొని, ఒక చెవితో ఉర్దూను, మరొక చెవితో తెలుగును వింటూ చదువుకొన్న అన్నదమ్ములము మేము. నేడు ఉభయులము అమెరికా దేశమున, మిషిగన్ రాష్ట్రమున, డెట్రాయిట్ నగర శివారున ఉద్యోగములు చేసికొనుచున్నాము. కళాశాల పత్రికకు ఏదైనా వ్రాయుడని కబురు వచ్చినప్పుడు గొప్ప విషయము లేవియు మాకు తోచలేదు. కారుకు స్ప్రింగులు మార్చిన కథ ఒక్కటే గుర్తుకు వచ్చినది. అది చిన్న కథయే. కాని దానిలో మేము సిగ్గుపడవలసిన సంగతి ఒకటి కలదు, కనుకనే వ్రాయుచున్నాము.

మా తండ్రిగారు కర్నూలులో లారీలకు, జీపులకు కమాను కట్టలు కట్టు పనివారు. నలభై ఏండ్లు ఆ షెడ్డులోనే గడిపినారు. విరిగిన పట్టీని ఊడదీసి, కొత్త పట్టీకి వంపు తెచ్చి, కట్టను పేర్చి, సెంటర్ బోల్టు బిగించి, చివరకు అరచేయి కట్ట మీద వేసి ఒక్క క్షణము ఊరకుండెడివారు. ఆ పిమ్మట "పోనీయండి" అన్నచో లారీ కదలవలసినదే. షెడ్డులో అందరును ఆయనను ఉస్తాద్ అని పిలిచెడివారు. ఆ కట్టల మీద వచ్చిన కూలితోనే మా ఫీజులు, మా పుస్తకములు, చివరకు మా విమాన ప్రయాణములు సాగినవి.

2018లో మేము ఒక పాత కారు కొన్నాము. అది మాజ్దా వారి ఎం.ఎక్స్-5, 1999 నాటిది. ఈ కారు మొట్టమొదట 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో లోకమునకు కనబడినది. 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల కార్లు తయారైనవి. రెండే సీట్లు, పైకప్పు మడచివేయవచ్చును, బరువు సుమారు 1,050 కిలోలు, నాలుగు చక్రములకును జంట విష్‌బోనుల అమరిక. దీని నిర్మాతలు తమ ఆశయమును 'జిన్బా ఇట్టై' అని చెప్పుకొందురు. గుర్రము, రౌతు ఏకమగుట అని దాని భావము. షహసవారుల కథలు విని పెరిగిన మాకు ఆ మాట తెగ నచ్చినది.

అయితే ఇరువది ఏండ్లు దాటిన గుర్రమునకు మోకాళ్ళు సడలును గదా! గతుకు దాటిన పిమ్మట మా కారు రెండు మూడు మారులు ఊగెడిది. కారణము స్పష్టము. స్ప్రింగు పని దెబ్బను దిగమ్రింగుట మాత్రమే. దిగమ్రింగిన శక్తిని అది మరల కక్కివేయును. అదిమిన కొలది బలము పెరుగునను ఆ నియమమును రాబర్ట్ హుక్ 1678లోనే ప్రకటించినాడు. ఊపును అణచవలసినది షాక్ అబ్జార్బరు. దానిలోని పిస్టను సన్నని రంధ్రముల గుండా నూనెను త్రోయును. ఊపు వేడిగా మారి గాలిలో కలియును. మా కారు షాకులలో ఆ పట్టు పోయినది.

పాతవాని వంటివే కొత్తవి తెచ్చి వేసికొన్నచో కథ అక్కడనే ముగియును. కాని మాకు కాయిలోవరులు కావలసివచ్చినవి. షాకు చుట్టును స్ప్రింగు ఉండుటయే దాని అర్థమైనచో, మా కారుకు ఫ్యాక్టరీ అమర్చినవియు అట్టివే. విడిగా అమ్ము వానిలో విశేషమేమనగా, షాకు ఒంటి మీద మరలు కోసి ఉండును. ఆ మరల మీద తిరుగు కాలరును ఎక్కించి దించి కారు ఎత్తును మార్చవచ్చును. కొన్నింటిలో క్రింది కొస కూడ విడిగా తిరుగును. అట్టివానిలో స్ప్రింగు బిగింపును, షాకు ప్రయాణమును చెడగొట్టకయే ఎత్తును మార్చుకొన వీలగును. పైన ఒక మీట త్రిప్పి షాకు బిగువును కూడ మార్చవచ్చును.

ఎంపికలో విచారింపవలసినవి నాలుగు. మొదటిది స్ప్రింగు బలము. దానిని మిల్లీమీటరుకు ఇన్ని కిలోలని చెప్పుదురు. ఆ బలమంతయు చక్రమునకు చేరదు. స్ప్రింగు కదలిక చక్రపు కదలికలో 0.7 వంతు ఉన్నదనుకొందము. అప్పుడు చక్రము వద్ద తెలియునది 0.7 యొక్క వర్గము, అనగా 0.49, దాదాపు సగము మాత్రమే. రెండవది షాకు ఆ స్ప్రింగునకు తగినదా కాదా అనునది. మూడవది చక్రము పైకి లేచుటకు మిగులు చోటు. నాలుగవది తుప్పునకు తట్టుకొను గుణము. ఇచ్చట శీతకాలమున మంచు కరగుటకై రోడ్ల మీద ఉప్పు చల్లుదురు. మేము ఈ నాలుగింటిని కాగితము మీద వ్రాసికొన్నాము. కొనునప్పుడు మాత్రము ఐదవదానిని చూచినాము: ఏది వేసినచో కారు అందరికంటె నేలకు దగ్గరగా కనబడును? ముందు 9 కిలోలు, వెనుక 7 కిలోలు గల మిక్కిలి బిరుసైన స్ప్రింగుల జత తెప్పించినాము. కొత్త పానాలతో సహా 1,400 డాలర్లు అయినది.

సిగ్గుపడవలసిన సంగతి ఇదియే. ఆ సొమ్ము అబ్బాజాన్ విమాన టిక్కెట్టుకై తీసిపెట్టినది. 2022 శరదృతువున ఆయనను పిలిపింపవలెనని అనుకొన్నాము. ఇచ్చట అక్టోబరులో చెట్ల ఆకులు ఎరుపు, పసుపు, నారింజ రంగులు తిరుగును. ఆ వింతను ఫోటోలలో చూచి ఆయన ఎంతో ముచ్చటపడినారు. "వచ్చే ఏడు పిలిపింతుము అబ్బాజాన్, ఇప్పుడు పని ఒత్తిడిగా ఉన్నది" అని ఫోనులో చెప్పినాము. "పరవా లేదు బేటా, తొందరేముంది?" అన్నారాయన.

2022 మే నెలలో రెండు రోజులు మా గ్యారేజి కమ్మరి కొలిమివలె మ్రోగినది. కారును జాకీతో ఎత్తి, స్టాండుల మీద నిలిపి, చక్రములు ఊడదీసినాము. తుప్పు పట్టిన బోల్టులు మాతో పంతము పట్టినవి. ముందరి షాకు బయటకు రావలెనన్నచో పై విష్‌బోను పొడవాటి బోల్టును లాగవలెను; అది సగము దినము మ్రింగినది. పాత షాకుల పై మూతలు తీయుటకు ముందు స్ప్రింగును కంప్రెసరుతో అదుముట మిక్కిలి ప్రమాదకరమైన పని. మిల్లీమీటరుకు 3 కిలోల బలము గల స్ప్రింగును 100 మిల్లీమీటర్లు అదిమి ఉంచినచో అందు నిలువయుండు శక్తి, 15 కిలోల బండను మీటరు ఎత్తునుండి జారవిడిచిన దానితో సమానము. ఆ పనిని మాత్రము భయభక్తులతో చేసినాము.

తప్పు జరిగినది చివరి ఘట్టమున. కారు ఇంకను గాలిలో, చక్రములు వ్రేలాడుచుండగనే విష్‌బోనుల బోల్టులన్నియు బలముగా బిగించివేసినాము. నేలకు దించినచో కారు మేము ఆశించినంత క్రిందికి దిగలేదు. ఎందుకు దిగలేదని విచారింపక, కాలరులను మరింత దించినాము. చక్రపు నడిబొడ్డునుండి మడ్‌గార్డు అంచు వరకు తొలుత 14 అంగుళములు ఉండెడిది. దానిని 12కు తెచ్చినాము. షాకు మీటలను బిగువు వైపు చివరంట త్రిప్పినాము. గట్టిదే మేలైనదని మా నమ్మకము!

నున్నని రోడ్డు మీద కారు బాణమువలె పోయినది. మిత్రులు మెచ్చుకొన్నారు, ఫోటోలు తీసినారు. కాని మిషిగన్ రోడ్లు అన్నియు నున్ననివి కావు. చలికి గడ్డకట్టి, మరల కరగు నీటి వలన అవి పగిలి గుంటలు పడును. ఆ గుంటలలో మా కారు స్ప్రింగు మీద గాక, లోపలి రబ్బరు స్టాపరు మీద పోయి గ్రుద్దుకొనెడిది. జూన్ నెలలో ఒకనాడు వానలో, వరుస గతుకులున్న ఒక మలుపున వెనుక చక్రములు నేలను వదలినవి. కారు అడ్డముగా జారి, నడిగీత దాటి, ఎదుటి వరుసలో ఆగినది. ఆ నిమిషమున ఎదురుగా వాహనమేదియు లేకుండుట మా భాగ్యము. ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము, మాట రాలేదు. ఆ సంగతి ఇంట ఎవ్వరికిని చెప్పలేదు. కారును మెల్లగా నడుపుట నేర్చుకొన్నాము, అంతే.

2023 సెప్టెంబరు చివర అబ్బాజాన్ వచ్చినారు. విమానాశ్రయమున ఆయన మమ్ములను దాటి నడచిపోయినారు. మా గొంతు విని వెనుకకు తిరిగినారు. ఆ ఒక్క ఏడాదిలో నీటికాసుల జబ్బు ఆయన చూపును చాలవరకు హరించినది. ఆ జబ్బున పోయిన చూపు తిరిగి రాదు. మాకు బెంగ కలుగునని ఫోనులో చెప్పలేదట. ఎర్రని ఆకులు ఇంకను రాలలేదు. చూడవలసిన కన్నులే లేకపోయినవి.

మరునాడు ఆయన గ్యారేజిలోనికి వచ్చి, తడుముకొనుచు కారు వద్దకు పోయినారు. మడ్‌గార్డు మీద అరచేయి వేసి ఒక్క నొక్కు నొక్కినారు. మరల నొక్కి, చెవి దగ్గరకు పెట్టినారు. కిర్రుమని ఒక సన్నని మూలుగు వినబడినది.

"బండిని గాల్లో పెట్టి బోల్టులు బిగించినారా?" అని అడిగినారు.

మేము నివ్వెరపోయినాము.

"రబ్బరు బుష్షు బోల్టును పట్టుకొనుండాది బేటా. బండి నేల మీద నిలబడినప్పుడు బిగిస్తే దానికి సుఖం. గాల్లో బిగిస్తే, దించగానే మెడ తిరిగిపోతాది. పగలంతా మెడ తిప్పుకొని నిలబడమంటే మనిషైనా మూలగడా? జీపు షాకిల్ కట్టేటప్పుడు ప్రతి చిన్నోడికీ ఇదే చెప్పేవాణ్ణి. మీకే చెప్పలేదు. మీరు చదువుకొనేవాళ్ళు గదా అని."

అప్పుడు లెక్క అంతయు మాకు విప్పినట్లు తెలిసినది. మెలిపడిన బుష్షులే తొలుత కారును పైన నిలిపినవి. అది గ్రహింపక మేము కాలరులు దించినాము. దానితో చక్రము లేచు చోటు పోయినది. షాకు అతిగా బిగిసియున్నందున, ఒక గతుకున ముడుచుకొన్న చక్రము తరువాతి గతుకు వచ్చులోపల తిరిగి చాచుకొనలేకపోయినది. వరుస గతుకులలో కారు మెట్టు మెట్టుగా క్రుంగి స్టాపరు మీద కూర్చున్నది. మలుపున చక్రములు ఎగిరినది అందువలననే. ఆనాటి జారుపాటును అప్పుడు ఆయనకు చెప్పినాము. ఆయన కోపించలేదు. చాలసేపు మడ్‌గార్డు మీద చేయి తీయకుండ నిలిచి, "పానాలు తీయండి" అన్నారు.

తరువాతి శని ఆదివారములు ఆయన స్టూలు మీద కూర్చొని చెప్పగా మేము చేసినాము. బిరుసు స్ప్రింగులు తీసి ముందు 6, వెనుక 4 కిలోలవి వేసినాము. చిరిగిన బుష్షులు మార్చినాము. ఎత్తును 13 అంగుళములకు పెంచినాము. చక్రముల క్రింద చెక్క దిమ్మెలు పేర్చి, కారు బరువంతయు వాని మీద నిలిపి, అప్పుడు బోల్టులు బిగించినాము. ఎత్తు మారినచో చక్రముల వాలు, మొగము కూడ మారును గనుక ఎలైన్‌మెంటు చేయించినాము. నాలుగు చక్రముల క్రింద నాలుగు త్రాసులు పెట్టి బరువు సరిచూచుటకు పోయినప్పుడు, నడుపువాని ప్రక్క సీటులో అబ్బాజాన్‌ను కూర్చుండబెట్టినాము. ఎదురెదురు మూలల జతలు రెండును సగము సగము తూగువరకు కాలరులు త్రిప్పినారు. "ఇద్దరితోనే ఎప్పుడూ నడుపుతారా?" అని అక్కడి పనివాడు అడిగినాడు. అవునన్నాము.

అక్టోబరులో ఒక ఉదయము కప్పు మడచి, ఒకరము ఆయనను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మరొకరము వెనుక వేరొక కారులో, హ్యూరన్ సరస్సు తీరము వెంట పోయినాము. చెట్లు నిప్పంటుకొన్నట్లున్నవి. "ఇప్పుడు ఏ రంగు?" అని ఆయన అడుగుచుండిరి, ఎరుపు అనియు, పసుపు అనియు మేము చెప్పుచుంటిమి. దారిలో ఒక రైలు గేటు వచ్చినది. పట్టాలు దాటినాము. ఆయన తల కొంచెము వాల్చి విని, "చక్రం నేలను వదల్లేదు" అన్నారు. ఆయన నోట మేము విన్న మెప్పులలో అంతకు మించినది లేదు.

సోదర విద్యార్థులారా, మీలో బండ్ల మోజు గలవారు ఉందురు. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను, నిర్మాత నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దానినే దృఢపరచినది. కనుక స్ప్రింగులు కోయుటకు ముందు చట్టమును చదువుడు. అంతకు ముందు మీ ఇంటనున్న ఉస్తాదును అడుగుడు. మా ఇంటిలోని విద్యను మేము 1,400 డాలర్లు పోసి బయట వెదకినాము. ఆ సొమ్ము మరల సంపాదించినాము. ఆ ఏడాదిని సంపాదించలేకపోయినాము.

అబ్బాజాన్ ఇప్పుడు కర్నూలులోనే ఉన్నారు. ప్రతి ఆదివారము ఫోను చేసినప్పుడు మా ఆరోగ్యము తరువాత అడుగునది ఒక్కటే: "కిర్రుమంటోందా?"

"లేదు అబ్బాజాన్" అందుము.