నడివయస్సున ఒక ఏడాది చదువు

నడివయస్సున అంతర్జాతీయ సంబంధములలో ఎం.ఏ. చేయదలచినవాడు, ప్రతిష్ఠల పట్టికలను ప్రక్కకు నెట్టి, తనకు కొరవడినది జ్ఞానమా, పరిచయములా, లేక కేవలము విరామమా అని ముందుగా విచారించుకొనవలెను. (విరామము కోరుట తప్పని నేననను, దానికింత రుసుము చెల్లించుట మాత్రము ఆలోచింపదగినది.)

ఉదాహరణకు, అమెరికాలో 1933లో వెలసిన ఫ్లెచర్ విద్యాలయము న్యాయశాస్త్రమును, దౌత్యమును ఒకే కప్పు క్రిందికి చేర్చినది. 1943లో పాల్ నిట్జె, క్రిస్టియన్ హెర్టరులు వాషింగ్టనులో నెలకొల్పిన సైస్ అను అంతర్జాతీయ అధ్యయనముల విద్యాలయమునందు అర్థశాస్త్రమునకు పెద్దపీట.

ఇట్టిచోట్ల ఏడాది చదువు సాధారణముగా ఆగస్టు చివర మొదలై మే నెలలో ముగియును. అద్దెయిల్లు కుదిరి, పిల్లలకు బడి దొరికి, గ్రంథాలయపు వేళలు తెలియులోపలనే ఆకులు రాలిపోవును, క్రిస్మసు నాటికే తదుపరి ఉద్యోగమునకు దరఖాస్తులు వ్రాయవలసివచ్చును. రెండేండ్ల విద్యార్థులకు నడుమ ఒక వేసవి లభించును. అప్పుడు వారు ఏ ఐక్యరాజ్యసమితి కార్యాలయమునందో, ప్రపంచబ్యాంకునందో ఇంటర్న్‌షిప్ చేసి క్రొత్త కొలువునకు దారి వేసికొందురు. ఏడాదివారికి ఆ వేసవి లేదు. కనుక వృత్తియే మార్చదలచినవారికి ఈ మార్గమును నేను సూచింపను. ఉన్న వృత్తిలోనే పైకి పోగోరు సైనికాధికారికి, పాత్రికేయునకు, సెలవు మంజూరైన ఐ.ఏ.ఎస్. ఉద్యోగికి ఇది చక్కగా తగును.

నావరకు నేను, నలువది దాటిన పూర్వవిద్యార్థులలో ఎందరు వెనుకటి కొలువునకే మరలిరని విద్యాలయములకు లేఖలు వ్రాసితిని. అందమైన కరపత్రములు చాల వచ్చినవి గాని, సూటియైన బదులు ఒక్కచోటినుండియే వచ్చినది.