మకాం తెలిస్తే ఇఖామా తెలిసినట్టే!

మా పుట్టిల్లు జగిత్యాల, మెట్టినిల్లు సిరిసిల్ల, చెల్లెల్ని ఇచ్చింది కోరుట్లలో. ఈ మూడు ఊళ్ళలో ఏ వాడకు వెళ్ళినా "మా ఆయన దుబాయి పోయిండు" అనే ఇల్లాలు ఒక్కరైనా కనిపిస్తుంది. సౌదీకి వెళ్ళినా, కువైట్‌కి వెళ్ళినా, మస్కట్‌కి వెళ్ళినా మనకు అన్నీ దుబాయే! మగవాళ్ళు తిప్పలు పడి అక్కడి భాష నేర్చుకుంటారు. బీడీలు చుట్టుకుంటూ, పిల్లల్ని సాకుకుంటూ, అప్పులకు మిత్తి కట్టుకుంటూ ఇంటి పట్టున ఉండే మనకెందుకు అరబ్బీ అంటారా? ఆ అప్పు కాగితం మీద సంతకం మనదీ ఉంటుంది కదమ్మా! అక్కడి నుంచి వచ్చే కాగితంలో పది మాటలైనా గుర్తుపట్టడం మనకూ అవసరమే.

మావారు పన్నెండేళ్ళు దమ్మాంలో పనిచేశారు. మా పక్కింటి ఖాలా పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక నేనూ ఆమె దగ్గర కూచుని అక్షరాలు దిద్దుకున్నాను. నేనేం పండితురాలిని కాను. నాకు తెలిసినంతలో మొదటి మెట్లు మీకు చెబుతాను.

అరబ్బీలో అక్షరాలు 28. కుడి నుంచి ఎడమకు, ఒకదానికొకటి కలిపి రాస్తారు. చాలా అక్షరాలకు చుక్కలే ఆధారం. పడవలాంటి గీత కింద ఒక చుక్క పెడితే 'బ', పైన రెండు చుక్కలు పెడితే 'త'. చుక్కల ముగ్గులు వేసే చేతికి ఇదేం కష్టం చెప్పండి? మామూలు రాతలో హ్రస్వాచ్చులు రాయరు, చదివేవాళ్ళే పూరించుకోవాలి. ఇంకో సంగతి, అరబ్బీలో 'ప' లేదు! మన పోశెట్టి అక్కడ బోశెట్టి అయిపోతాడు. అందుకే వీసాలో పేరును పాస్‌పోర్టులోని ఇంగ్లీషు అక్షరాలతో సరిచూసుకోవాలి.

అంకెలు అన్నిటికంటే ముందు నేర్చుకోండి. అక్షరాలు కుడి నుంచి నడిచినా, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి నడుస్తాయి. అక్కడ సున్నా అంటే ఒక చుక్క, అంతే. మనకు సున్నాలా కనిపించే గుండ్రం వాళ్ళకు 5! ఇంగ్లీషు ఏడులా కనిపించేది 6. ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఉంటే 7, దాన్ని బోర్లిస్తే 8. ఒక నిలువు గీత, ఒక గుండ్రం, రెండు చుక్కలు ఉంటే 1500 అన్నమాట. జీతం అంకె దగ్గర ఈ తేడా తెలియకపోతే ఎంత నష్టమో మీరే చూడండి.

ఇక అసలు కిటుకు. అరబ్బీలో చాలా మాటలకు మూడు హల్లులే పునాది. క్, త్, బ్ అంటే రాత పని. దాంట్లోంచి కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ అంటే రాసేవాడు, మక్తబ్ అంటే ఆఫీసు. నిజాం కాలంలో ఉర్దూ, పారశీ కచేరీల మీదుగా ఇలాంటి మాటలు మన నోటికి ఎన్నో వచ్చాయి. మనం 'మకాం పెట్టారు' అంటామా, ఆ మకాం పునాదిలోంచే 'ఇఖామా' వచ్చింది, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డు. మన 'అమలు'కు చుట్టమే 'ఆమిల్', అంటే కూలీ. చేతిలోంచి బయటికిపోయే 'ఖర్చు'కు చుట్టం 'ఖురూజ్', అంటే దేశం నుంచి బయటికి పోవడం. సౌదీ కాగితంలో 'ఖురూజ్ వ ఔదా' అని ఉంటే వెళ్ళి తిరిగిరావచ్చు. 'ఖురూజ్ నిహాయీ' అని ఉంటే ఇక ఆ వీసా అయిపోయినట్టే. మనిషి సెలవు మీద వస్తున్నాడా, పని పోయి వస్తున్నాడా అన్నది ఆ ఒక్క మాటలో ఉంది!

మొన్నామధ్య మా చెల్లెలి ఇంటి పక్కామె ఓ వీసా కాగితం పట్టుకొచ్చింది. "అక్కా, డ్రైవర్ పనే కదా, చూడరాదు" అంది. అరబ్బీలో డ్రైవరును 'సాయిఖ్' అంటారు. కాగితంలో ఆ మాట లేదు, 'రాయీ' అని ఉంది. రాయీ అంటే గొర్రెల కాపరి. మన 'రైతు' అన్న మాట పుట్టిందీ ఆ పునాదిలోంచే! రాజు కాపరి అయితే ప్రజలు మంద అన్న అర్థంలో రయ్యత్ అన్నారు. ఎకరం కుదువపెట్టిన రైతు, తెలియకుండానే ఎడారిలో గొర్రెల వెంట పోబోయాడు. ఇంగ్లీషు తర్జుమా ఇవ్వమంటే ఏజెంటు నీళ్ళు నమిలాడు. ఆయన ప్రయాణం ఆగింది. కట్టిన డబ్బులో సగం ఇంకా చేతికి రాలేదు, మిత్తి మాత్రం నడుస్తూనే ఉంది. "పోనీ అక్కా, మనిషి కండ్ల ముందట ఉన్నడు" అంటుంది ఆమె.

మాట్లాడే అరబ్బీ, రాసే అరబ్బీ ఒక్కటి కావు. 'నువ్వు' అనడానికి మనకు ఒకే మాట, గల్ఫులో మగవాళ్ళను 'ఇంత' అని, ఆడవాళ్ళను 'ఇంతి' అని అంటారు. రెండింటికి ప్రత్యేక రూపం ఉంది. యౌమ్ అంటే ఒక రోజు, యౌమైన్ అంటే రెండు రోజులు. ఇక 'మాఫీ' సంగతి! మనకు రుణమాఫీ అంటే సంతోషం. అక్కడ 'ఫులూస్ మాఫీ' అంటే డబ్బుల్లేవని! మీ ఆయన ఫోనులో ఈ నెల ఫులూస్ మాఫీ అంటే అప్పు తీరిందని మురిసిపోకండి మరి.

తేదీల విషయంలోనూ జాగ్రత్త. సౌదీ కాగితాల మీద హిజ్రీ తేదీ కూడా ఉండొచ్చు. అది చంద్రుణ్ణి బట్టి లెక్క, మన ఏడాది కంటే సుమారు 11 రోజులు తక్కువ. పీర్ల పండుగ ఏటేటా ముందుకు జరిగేది అందుకే. ఇఖామా గడువు ఏ లెక్కలో ఉందో అడిగి, మన క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

సాయిఖ్, ఆమిల్, రాయీ, జీతానికి రాతిబ్, పూచీదారుకు కఫీల్, ఇఖామా, ఖురూజ్... వీటిని తెలిసినవాళ్ళ చేత అరబ్బీలో రాయించి, పక్కన తెలుగు రాసుకుని అలమారలో దాచుకోండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పిల్లల చేత చూపించుకోండి. ఇవన్నీ పైసలు కట్టకముందు చేయాల్సిన పనులు సుమా! బియ్యం కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని చూడందే సంచీ పట్టం కదా, మనిషిని పంపేటప్పుడు కాగితం చూడకపోతే ఎలా?