మూడు షిఫ్టులు – ఒక వక్రరేఖ

గణితంలో కొన్ని విషయాలు కఠినమైనవి కావు. అయినా మనసు వాటిని వెంటనే అంగీకరించదు. ప్రమేయాల రేఖాచిత్రాలను జరపడం అటువంటిది. ఎక్స్ వర్గానికి గీసిన పరావలయం శీర్షం మూలబిందువు వద్ద ఉంటుంది. వర్గానికి 3 కలిపితే పరావలయం 3 ప్రమాణాలు పైకి లేస్తుంది. ఇంతవరకు ఎవరికీ సందేహం రాదు. వర్గం చేయడానికి ముందే ఎక్స్ నుండి 3 తీసివేస్తే మాత్రం అది ఎడమకు కాక కుడికి జరుగుతుంది. పటాన్‌చెరు ప్రాంతంలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు నేను గణితం బోధించిన కాలంలో ప్రతి సంవత్సరం తరగతి ఈ మాట దగ్గర ఆగిపోయేది. "తీసేస్తే ఎనకకు పోవాలె గద సార్, ముందటికెట్ల పోతది?" అని ఒక విద్యార్థిని అడిగిన తీరు నాకింకా గుర్తున్నది.

వర్గం విలువ సున్న కావాలంటే ఎక్స్ 3 కావాలి, కనుక శీర్షం అక్కడికి చేరిందని చెప్పవచ్చు. అది సరైన సమాధానమే. ప్రవేశపరీక్షకు అంతకు మించి అక్కరలేదు కూడా. అయితే ఆ పిల్లల్లో అనేకుల తండ్రులు పాశమైలారం, బొల్లారం పరిశ్రమల్లో కార్మికులు. వారి ఇళ్లలో తిథివారాల కంటె షిఫ్టుకే ప్రాధాన్యం. అందుచేత నల్లబల్లపై ఒక కార్మికుని పనివేగాన్ని వక్రరేఖగా గీశాను. మొదటి షిఫ్టు ఉదయం 6 నుండి మధ్యాహ్నం 2 వరకు. రెండవది 2 నుండి రాత్రి 10 వరకు. మూడవది 10 నుండి తెల్లవారి 6 వరకు. రెండవ షిఫ్టు గీత మొదటిదే. 8 గంటలు కుడికి జరిగింది. సాయంత్రం 4 గంటలకు, అంటే 16వ గంటకు, రెండవ షిఫ్టు కార్మికుడు ఏ స్థితిలో ఉంటాడు? ఉదయం 8 గంటలకు మొదటి షిఫ్టువాడు ఉన్న స్థితిలో ఉంటాడు. 16 నుండి 8 తీసివేస్తే 8. ఆలస్యంగా మొదలైనవాని సంగతి తెలియాలంటే వెనుకటి గడియను చూడాలి. తీసివేత అందుకే.

ఇటువంటి ఉదాహరణ ఆ చుట్టుపక్కల పొలాల్లోనూ దొరుకుతుంది. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, శనగ, వేరుశనగలతోపాటు కందిపై పరిశోధనలు చేస్తున్నది. ఆరు నెలల కంది రకం పెరుగుదలను ఒక గీతగా ఊహించండి. నాలుగు నెలలకే కోతకు వచ్చే రకానికి అదే గీత కావాలంటే కాలాన్ని ఒకటిన్నరతో గుణించాలి. గుణిస్తే సాగవలసిన గీత కుదించుకుపోతుంది! ఇక్కడా అదే విడ్డూరం. (ఐఐటీ హైదరాబాద్ నెలకొన్న ఊరి పేరు కూడా కందియే కావడం వేరే సంగతి.)

షిఫ్టుల లెక్క తరగతికి అర్థమైంది. కాని ఆ విద్యార్థిని తృప్తి చెందలేదు. "నాయిన పని జరుగుతది గని, నిద్ర జరుగుతలేదు సార్. పొద్దు జరగదు గద" అన్నది.

ఆ మాట నన్ను మరొక పాఠానికి తీసుకుపోయింది. అప్పట్లో మొదటి సంవత్సరపు ఒక పుస్తకం ప్రమేయాలతో మొదలయ్యేది. రెండవ పుస్తకంలో అక్షాల పరివర్తనం వచ్చేది. వక్రరేఖను కుడికి జరిపినా, మూలబిందువును అంతే దూరం ఎడమకు జరిపినా వచ్చే సమీకరణం ఒక్కటే. పుటపై ఒకే గీత ఉన్నంతవరకు ఆ రెంటికీ భేదం తెలియదు. రెండవ గీత ఉంటే తెలుస్తుంది. అక్షాలను జరిపితే గీతలు ఖండించుకునే చోట్లు చెదరవు. ఒక్క గీతనే జరిపితే చెదురుతాయి. అమెరికా వెళ్లినవారికి సూర్యోదయం కూడా జరుగుతుంది, కొన్నాళ్లకు శరీరం సర్దుకుంటుంది. రాత్రి షిఫ్టువానికి పని ఒక్కటే జరిగింది. వెలుగు ఉన్నచోటనే ఉన్నది. శరీరంలోని జీవగడియారం వెలుగును అనుసరిస్తుంది. దాని రహస్యాన్ని వెలికితీసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఆ సంగతిని ఈ అమ్మాయి తన ఇంట్లో, మిట్టమధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి నిద్రకోసం పెనుగులాడే తండ్రిలో చూసింది.

మరునాడు ఆమె ఒక గ్రాఫు కాగితం తెచ్చింది. తాను ఇంట్లో మేలుకొని ఉండే వేళలను ఒక గీతగా, తండ్రి మేలుకొని ఉండే వేళలను మూడు షిఫ్టులకు మూడు గీతలుగా గీసింది. మొదటి షిఫ్టు వారంలో సాయంకాలమంతా రెండు గీతలూ కలిసి ఉన్నాయి. రెండవ షిఫ్టు వారంలో ఆమె కళాశాల నుండి వచ్చేసరికి తండ్రి పనిలో ఉంటాడు. ఆయన ఇల్లు చేరేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. ఉదయం 7 నుండి 8 వరకు సన్నని పట్టీ ఒకటి మిగిలింది. దానిని పెన్సిలుతో నింపి, కింద కొలత కూడా రాసింది: 1 గంట.