పెళ్లి పిలుపులకి బయల్దేరిన దేవుడు!

అక్కినేని, అంజలీదేవి నటించిన ‘చెంచులక్ష్మి’ (1958) చూసినవాళ్లకి నరసింహస్వామి చెంచుల అల్లుడని వేరే చెప్పక్కర్లేదు. ఆ అత్తవారి ఊరే నంద్యాల జిల్లాలోని అహోబిలం. ఆళ్లగడ్డలో బస్సెక్కితే నల్లమల కొండల మొదట్లో దిగుతాం.

నవ నారసింహుల్ని చూసి వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. కానీ చూడాల్సింది పారువేట! కనుమ నాడు ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకి ఎక్కుతారు. చెంచులు విల్లు ఎక్కుపెట్టి బాణాలు వదుల్తారు. అంతే, ప్రయాణం మొదలు! 40 రోజులకు పైగా, 30కి పైగా ఊళ్లు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి పెళ్లికొడుకే స్వయంగా వచ్చి పిలుస్తాడన్నమాట!

కుర్రకారుని ఓడెక్కించి, దేశదేశాలు తిప్పుతూ చదువు చెప్పే ఏర్పాట్లు విదేశాల్లో ఉన్నాయి. ఇక్కడ ఆ ఓడ పల్లకి! బోయీలు, అర్చకులు, మేళగాళ్లు ఇల్లొదిలి వారాల తరబడి కలిసే నడుస్తారు, ఊరూరా ఆగుతారు. ఒకరి అడుగు తప్పితే అందరి భుజాలూ ఒరుగుతాయి. కొత్తగా భుజం కలిపిన కుర్రాడికి అదే మొదటి పాఠం.

ఊళ్లకీ పాఠమే. పల్లకి వచ్చే రోజుకి పట్నం వెళ్లిన కొడుకు రావాలి, ఆడపడుచు పుట్టింటికి రావాలి, మాటల్లేని అన్నదమ్ములు సైతం ఒకేచోట దణ్ణం పెట్టుకోవాలి. దేవుడే గుమ్మంలోకి వచ్చి పిలుస్తుంటే మనం పక్కింటివాణ్ని పిలవకుండా ఉంటామా?

సంక్రాంతికి కొత్త సినిమా ఎలాగూ చూస్తారు. కనుమకి అహోబిలం చేరండి. పిలుపు అందుకోండి, పెళ్లి ముందుంది!