నాలుగేండ్ల తిరునాళ

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందు తిరునాళ వచ్చినచో, దేవుని ఉత్సవముతో పాటు బండలాగుడు పోటీలును జరుగుట వాడుక. బలిసిన ఎడ్లజతకు పెద్ద బండను కట్టి, నిర్ణయించిన కాలములో అవి దానిని ఎన్ని అడుగుల దూరము లాగునో కొలుతురు. ఆ పందెములను చూచుటకు పడుచువారు మాత్రమే వత్తురనుకొనుట పొరపాటు. తలపాగ చుట్టిన ముసలి రైతు ముందు నడచును. సద్దిమూటయు, బుడ్డల సంచియు పట్టుకొని ఆయన ఇల్లాలు వెనుక నడచును. పందెమున వారి ఎడ్లుండవు. గెలిచినవారి బహుమానములో వారికి దమ్మిడీ రాదు. అయినను ఏ జత ఏ యేట ఏ యూర గెలిచినదో వారికి కంఠోపాఠము. ఒక్కొక్కప్పుడు ఆ ఇల్లాలి లెక్కయే సరియైనదై, భర్త మారుమాటాడక తల యూపవలసి వచ్చును.

ఆ తిరునాళ సముద్రముల కావల, నాలుగేండ్ల కొకమారు, ఒక్కొక్క తడవ ఒక్కొక్క దేశమున జరుగుననుకొందము. అప్పుడును సద్ది కట్టుకొని బయలుదేరు దంపతులుందురా? ఉండిరి. అయితే వారు కడపవారు కారు, కలకత్తావారు.

పన్నాలాల్ చటర్జీగారు కలకత్తా పోర్టు ట్రస్టులో పనిచేసి విశ్రాంతి పొందిన ఉద్యోగి. ఆయన భార్య పేరు చైతాలీ. వారి నివాసము రేవునకు చేరువనున్న ఖిదిర్‌పూర్. ఆ నగరమున కాలిబంతి ఆట వట్టి కాలక్షేపము కాదు. 1911వ సంవత్సరమున మోహన్ బగాన్ ఆటగాండ్రు, ఒక్కరు తప్ప తక్కినవారందరు వట్టి కాళ్ళతో ఆడి, ఈస్టు యార్క్‌షైరు దండుజట్టును 2–1 గోలులతో ఓడించి షీల్డు గెలిచిరి. అది మొదలు అచ్చటివారు ఆ కథను బిడ్డలకు చెప్పుచునే యున్నారు. అట్టి చోట నివసించువారికి ఆటపై ప్రీతి కలుగుటలో వింత లేదు. ఆ ప్రీతికై ఆ దంపతులు చెల్లించిన వెలలో నున్నది వింత.

1982లో స్పెయిను దేశమున ప్రపంచకప్పు పోటీలు జరిగినపుడు వారు మొదటిసారి పోయి చూచిరి. అప్పటికి భర్తకు ఏబదియేండ్లు సమీపించుచుండెను, భార్యకు నలువది. ఒకమారు రుచి మరగిన కన్నులు ఊరకుండలేదు. ఇక నాలుగేండ్ల కొకసారి పోవలసినదే యని నిశ్చయించుకొనిరి. నిశ్చయము సులభమే, సొమ్మో?

పింఛను రాగానే ప్రతి నెలయు కొంత పైకము ప్రక్కకు తీసి యుంచెడివారు. చైతాలీగారు చీరల చిన్న వ్యాపారము చేసి తమ వంతు కూర్చిరి. ప్రొద్దుటూరు వీధులలోను ఇట్లే ఇంటిలో నాలుగు చీరలుంచి అమ్ముచు సంసారమునకు ఆదరువైన స్త్రీలు కలరు. ఒక చీరపై మిగులు రూపాయలెన్ని, విమానపు టిక్కెట్టు వెల యెంత యనునది వారికి వేరుగ చెప్ప నక్కరలేదు. అంగడిలో మంచి చేప కనబడినను, మనసు బిగబట్టుకొని కొనక వచ్చిన దినములు కలవని ఆ దంపతులు పత్రికలవారితో చెప్పిరి. వంగదేశీయుడు చేపను మానుట యనగా సీమవాడు సంకటిని, ఊరుబిండిని మానుట వంటిది. చెప్పుటకు చిన్న మాట; నాలుగేండ్లు నడపుటకు పెద్ద వ్రతము.

ఆ తొలి యాత్రల కాలమున మరియొక చిక్కుండెను. 1973 నాటి చట్టము ననుసరించి విదేశద్రవ్యముపై గట్టి కట్టుబాట్లుండెడివి. చేత రూపాయలున్నను, వానిని డాలర్లుగ మార్చుకొనుటకు అనుమతించు మొత్తము మిక్కిలి స్వల్పము. నేటి యాత్రికునకు ఆ కష్టము ఊహకైన అందదు.

స్పెయిను తరువాత 1986లో మెక్సికో, 1990లో ఇటలీ, 1994లో అమెరికా, 1998లో ఫ్రాన్సు, 2002లో కొరియా, జపాను, 2006లో జర్మనీ, 2010లో దక్షిణాఫ్రికా, 2014లో బ్రెజిలు. పటము ముందుంచుకొని ఈ పేర్లపై నడిపినచో వ్రేలు అయిదు ఖండములను తాకును. వీనిలో మెక్సికో పోటీలను క్రీడాలోకము నేటికిని మరువలేదు. ఆ యేడు జూను 22వ తేదీన అజ్‌టెకా స్టేడియములో అర్జెంటీనా నాయకుడు మారడోనా ఇంగ్లండుపై రెండు గోలులు చేసెను. మొదటిది చేతితో కొట్టినది, రిఫరీ కనుగొనలేదు. నాలుగు నిమిషముల పిమ్మట, మైదానములో తమ సగమునుండియే బంతిని నడిపించుకొనుచు, ఎదిరిజట్టువారిని ఒకరి వెనుక నొకరిని దాటి రెండవది చేసెను. మొదటిదానిని మెచ్చరాదు, రెండవదానిని మెచ్చక యుండరాదు. రెండును ఒకే మనిషివి!

ఇన్ని దేశములు తిరిగినను ఆ దంపతులకు ఒక్క దృశ్యము మాత్రము లభింపలేదు. భారతదేశపు పురుషుల జట్టు ప్రపంచకప్పు ప్రధాన పోటీలలో ఎన్నడును ఆడలేదు. 1950లో బ్రెజిలులో ఆడుటకు అవకాశము వచ్చినను జట్టు పోలేదు. దేశమున ఆటగాండ్రు లేకపోలేదు. హైదరాబాదువాడైన సయ్యదు అబ్దుల్ రహీము శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణమును పొందెను. ఆ రెండు జట్లలోను ఆడిన తులసీదాసు బలరాము సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టి, కలకత్తాలో ఈస్టు బెంగాలు పక్షమున పేరు గడించెను. పన్నాలాలుగారును ఆ తరమువారే. తన దేశపు జెండా లేని మైదానమునకు పదే పదే పోయి, పరాయివారి ఆటకు చప్పట్లు కొట్టుటకు పెద్ద మనసు కావలెను.

సీమకు విదేశయానము క్రొత్తది కాదు. ఉమ్మడి కడప జిల్లా పల్లెలనుండి ఎందరో కువైటుకు పోయి, చెమటోడ్చి ఇంటికి పైకము పంపుచున్నారు. అమెరికాలో కూతురి పురిటికై ఆరు నెలలు పోయివచ్చు తల్లులును కలరు. వీరందరు పని మీదనో, పాశము మీదనో పోవువారు. ఏ పనియు లేక, ఏ బిడ్డయు పిలువక, కేవలము ఆట చూచుటకై పులివెందులనుండి అరువదియేండ్ల దంపతులు ప్రయాణమైనచో ఊరేమనును? కాశీకి పోవలసిన వయస్సున ఇదేమి బుద్ధి యనును. ఆ సొమ్ముతో ప్రొద్దుటూరులో మనుమరాలికి గొలుసు చేయింపవచ్చును గదా యని లెక్క చెప్పును. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని వృద్ధుల కోరికకు ఎల్లప్పుడును ఇతరులే వెల కట్టుటలో కొంత అన్యాయమును గలదు. చటర్జీ దంపతులు తమ నోరు కట్టుకొని కూర్చిన సొమ్మును తమ కన్నులకే వెచ్చించిరి.

2018లో రష్యాకు బయలుదేరునప్పటికి భర్తకు 85 ఏండ్లు, భార్యకు 76. అది వారి పదియవ ప్రపంచకప్పు. ఆ యేడు టిక్కెట్టు గలవారికి రష్యా ప్రభుత్వము ఒక గుర్తింపు పత్రము నిచ్చెను. అది యున్నచో వీసా అక్కరలేదు. ఆటలు జరుగు నగరముల నడుమ ప్రత్యేకపు రైళ్ళలో ఉచితముగ పోవచ్చును. దారి సుగమమైన నాటికి కాళ్ళు బరువెక్కినవి. ఇదియే కడపటి యాత్ర కావచ్చునని పన్నాలాలుగారు ముందుగనే చెప్పిరి. 2022 నాటికి తొంబదికి చేరువగుదునని ఆయన లెక్క. 2019లో ఆయన కన్నుమూసిరి. పదునొకండవ యాత్ర ఇద్దరిదిగ జరుగలేదు.

వారు చూడగోరి చూడలేకపోయిన జెండాను, మరియొక ఆటలో, కడప జిల్లా పిల్ల యొకతె మోసెను. వీరపునాయునిపల్లె మండలమునుండి వచ్చిన నల్లపురెడ్డి శ్రీచరణి 2025 మహిళల క్రికెట్టు ప్రపంచకప్పులో ఎడమచేతి స్పిన్ వేసి 14 వికెట్లు పడగొట్టెను. నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో మన జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి, మొదటిసారి ఆ కప్పును గెలిచెను. ఈసారి తిరునాళ దూరదేశమున కాదు. మద్రాసునుండి ముంబయికి పోవు రైలుమార్గము ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగనే సాగును. జమ్మలమడుగువారు ముద్దనూరులోను, ప్రొద్దుటూరువారు ఎర్రగుంట్లలోను ఎక్కవచ్చును. పాసుపోర్టుతో పనిలేదు, టిక్కెట్టును, సద్దిమూటయు చాలును.