మత్తడి దగ్గర పది నిమిషాలు

పాలంపేట,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ సుధాకర్,

హ్యామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చేదాకా స్కానర్ ముట్టనని నీకు మాటిచ్చాను కదా, నిలబెట్టుకున్నాను. రిస్ట్రిక్టెడ్ గ్రేడే అనుకో, అయినా ఇప్పుడు నేనూ హ్యామ్‌నేరా! పోయిన వారం యూనిడెన్ బీసీ125ఏటీ వచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది. రెండు పెన్సిల్ సెల్లు వేస్తే నడుస్తుంది. యాభై చొప్పున పది బ్యాంకులు, మొత్తం 500 చానెళ్లు. నేను నింపుకున్నవి ఇప్పటికి పదకొండు.

మొదటి రాత్రి మాత్రం మనసు చిన్నబోయింది. మంచం మీద కూర్చుని ఆన్ చేస్తే అంకెలు పరుగెత్తడమే గానీ ఒక్క మాట లేదు. అమ్మ కాసేపు చూసి "గింత పైసలు పెట్టి తెస్తివి, మాట్లాడదేంది బిడ్డా?" అంది. వరంగల్ రేడియో పెట్టమంది. ఇది 54 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగి మళ్లీ 108 దగ్గర అందుకుంటుంది, ఎఫ్ఎం పాటలు వచ్చేది ఆ నడుమ అని చెప్పాను. ఆమెకది నచ్చలేదు.

తప్పు నాదేనని రెండో రోజు తెలిసింది. స్క్వెల్చ్ గుండీ పూర్తిగా వెనక్కి తిప్పితే ఒకటే హోరు. మెల్లగా ముందుకు తిప్పుతూ పోతే ఒకచోట హోరు టక్కున ఆగిపోతుంది. ఆ చోటు దాటి ఒక వెంట్రుకవాసి మాత్రమే ఉంచాలి. నేను హోరు భరించలేక బాగా బిగించేశాను. దాంతో సన్నని గొంతులన్నీ గడప అవతలే నిలబడిపోయాయి. ఇప్పుడు ఎదురుచూసే వేళ స్క్వెల్చ్ తీసేసే ఉంచుతున్నాను. ఆ హోరులోనే చెవి పెట్టాలి. చిన్నప్పుడు రామప్ప గుడిలో వేణుగోపాలుడి రాతి మీద వేలితో తట్టి, చెవి ఆనించి విన్నాం, గుర్తుందా? అచ్చం అలాగే.

పోలీసుల మాటలు వస్తాయా అని మనవాళ్లు అడుగుతున్నారు. ఒకరి మాటలు చాటుగా వినడం చట్టం ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు. హ్యామ్‌ల మాటలు వేరు. అవి వినమని పిలిచే మాటలు.

అసలు సంగతి నిన్న సాయంత్రానిది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోయే వేళ చూసుకుని రామప్ప చెరువు కట్ట ఎక్కాను. చుట్టూ గుట్టలు కదా, మత్తడి వైపు పోతే కాస్త ఆకాశం దొరుకుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ కేంద్రంలో హ్యామ్‌ల రిపీటర్ ఉంది. 145.990 మీద పంపిన మాటను అందుకుని 437.800 మీద కిందికి వదులుతుంది. కాజీపేటలో రైలు మనల్ని దాటగానే కూత బొంగురుపోతుందే, ఆ లెక్కనే దీని ఫ్రీక్వెన్సీ కూడా వచ్చేటప్పుడు కాస్త ఎక్కువగా, పోయేటప్పుడు తక్కువగా ఉంటుంది. అందుకని ముందే మూడు చానెళ్లు పక్కపక్కన పెట్టుకున్నాను. రెండు నిమిషాలు హోరు తప్ప ఏమీ లేదు. యాంటెన్నాను నిటారుగా పట్టుకున్నవాణ్ని కొంచెం పక్కకు వాల్చాను చూడూ, హోరు చీల్చుకుని ఒక గొంతు! వీయూ2 అంటూ కాల్‌సైన్ చెప్పింది. వెంటనే 4ఎస్7, అంటే శ్రీలంక. ఒకాయన జవాబిచ్చేలోపే ఇంకొకాయన, ఒకరి మీద ఒకరు. మొత్తం పది నిమిషాలకు అంతా మళ్లీ హోరులో కలిసిపోయింది. నేను కట్ట మీదే కూలబడ్డాను. చేతులు వణుకుతున్నాయిరా.

2025 జూలై 4న మన వ్యోమగామి శుభాంశు శుక్లా ఆ కేంద్రం నుంచే హ్యామ్ రేడియో మీద బెంగళూరు యూఆర్ రావు ఉపగ్రహ కేంద్రంలోని పిల్లలతో మాట్లాడాడు. ఈ స్కానర్ అప్పుడే చేతిలో ఉంటే తప్పక ప్రయత్నించేవాణ్ని.

ఈ పిచ్చి నాకెప్పుడు పట్టిందో నీకు తెలుసు. 2023 జూలై 27 పొద్దుటికి మన మండలంలోనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. నువ్వక్కడ రెండు రోజులు ఫోన్ చేస్తూనే ఉన్నావు. అమ్మ బతికుందని నీకొక్క మాట పంపే దారి నాకు దొరకలేదు. నువ్వుండే పోర్ట్ బ్లెయిర్‌లోనే 2004 డిసెంబరులో మన హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి వచ్చిన భారతీ ప్రసాద్ వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ప్రపంచంతో మాట్లాడుతున్నారు. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పడిపోయిన దీవుల కబుర్లను ఆమె సెట్లు మోశాయి. అది చదివాకే పరీక్షకు కూర్చున్నాను. స్కానర్ వింటుంది, మాట్లాడలేదు. మాట్లాడే సెట్టు తర్వాతి జీతాల్లో చూడాలి.

ఒక లెక్క వేశాను. మన ఊరికీ పోర్ట్ బ్లెయిర్‌కీ మధ్య సుమారు 1,550 కిలోమీటర్లు. అంతరిక్ష కేంద్రం మాట రెండువేల కిలోమీటర్ల అవతలికీ అందుతుంది. అంటే అది బంగాళాఖాతం మీద ఉన్నప్పుడు ఒకే గొంతును ఒకే క్షణంలో నువ్వూ నేనూ వినొచ్చు. అక్కడ హ్యామ్ ఎవరైనా ఉంటే పరిచయం చేసుకో, వాళ్ల సెట్టు పక్కన కూర్చో. ఏ రోజు ఎన్ని గంటలకో నేను మెసేజ్ పెడతాను. విన్న కాల్‌సైన్లన్నీ కాగితం మీద రాసి పంపు. నేను రాసుకున్నవాటితో సరిచూస్తాను.

నీ
శ్రీను