రిలే టిక్కు లేకుండా

రిలే కొట్టే టిక్కు నాకూ ఇష్టమే. కానీ హామ్ రేడియో సెట్టులో చిన్న సిగ్నల్‌ని అటూ ఇటూ మళ్లించడానికి అంత హంగామా దేనికండీ? సీడీ4066 చాలు. ఒక్క ఐసీలో నాలుగు స్విచ్చులు. పూర్వం ఏలూరు కాలవ లాకుల్లో పడవలు రెండువైపులా సాగినట్టు, సిగ్నల్ ఇందులో ఎటునుంచి ఎటైనా పోతుంది.

హైదరాబాద్ అషర్ ఫర్హాన్ గారి బిట్‌ఎక్స్ ట్రాన్సీవర్ కట్టినవాళ్లకి ఈ రెండువైపుల రాకపోకల విలువ తెలుసు. అందులో ఒకటే క్రిస్టల్ ఫిల్టర్ మాటకీ, వినికిడికీ పనికొస్తుంది.

కొల్లేరు చుట్టుపక్కల ఎత్తులేని నేల. 7 మెగాహెర్ట్‌జ్‌కి 20 మీటర్ల డైపోల్ హాయిగా కట్టుకోవచ్చు. అయితే చెరువుల మీద ఏరియేటర్లు తిరిగే వేళ బ్యాండంతా గరగర. అప్పుడు ఇరుకు ఆడియో ఫిల్టర్‌ని 4066తో లోపలికి తెచ్చుకుంటే మోర్సు చుక్కలు విడిగా వినబడతాయి. ఇన్‌పుట్‌కి సగం సప్లై వోల్టేజీ బయాస్ మాత్రం ఇవ్వాలి, లేకపోతే అలలో కింది సగం నలిగిపోతుంది.

యాంటెనా వైపు మాత్రం 4066ని పెట్టొద్దు బాబూ! 50 ఓముల లైన్లో 5 వాట్లంటే శిఖరం నుంచి శిఖరానికి దాదాపు 45 వోల్టులు. ఈ చిప్ తట్టుకునేది 18 లోపే. అక్కడ రిలేనే రాజు.

ఇదే కోవలోని స్విచ్ ఐసీ 74హెచ్‌సీ4053 ఇంకా చురుకైనది, మిక్సరుగా కూడా పనిచేస్తుంది. 12 వోల్టులు తిన్నగా ఇస్తే మాత్రం పొగే.

తాడేపల్లిగూడెం వైపు ఎవరైనా 4053తో మిక్సర్ కట్టారా? క్యారియర్ ఎంత అణిగిందో కామెంట్లో చెప్పండి.